లీవు కింద నీలి గీత

శుక్రవారం సెలవు పూట నిద్ర మానుకుని వచ్చి, ఊరికే ఇంగ్లీషు చెబుతానంటే ఎవరు నమ్ముతారు? దేవన్న నమ్మలేదు. నమ్మకపోయినా వారం తప్పకుండా వెళ్లి ముందు బెంచీలో కూర్చునేవాడు. అదీ ఆయన వరస.

రియాద్ ఊరి బయట వర్కర్ల క్యాంపు అది. గల్ఫ్ యుద్ధం ఆగి ఐదు నెలలైంది. మెస్సు కిటికీలకు అప్పట్లో క్షిపణుల భయంతో అంటించిన టేపు పీకేసినా, అద్దాల మీద జిగురు చారలు మాత్రం పోలేదు. ఆ కిటికీ పక్కనే నబీ రసూల్ పాఠం. ఆయన కడప మనిషి, కంపెనీ ఆఫీసులో టైపిస్టు. మూతి మీద నవ్వు, చంకలో ఫైలు ఎప్పుడూ ఉంటాయి. ఆ ఫైలే క్యాంపులో అందరికీ కంట్లో నలుసు. మార్చిలో పన్నెండుమందిని ఇంటికి పంపిన జాబితా టైపు చేసింది ఆయన చేతులే మరి.

"నామవాచకం, క్రియ అని పెద్ద మాటలొద్దప్పా. ఇంగ్లీషు వాక్యంలో ఒక పేరుంటాది, ఒక పనుంటాది. పేరు కింద ఎర్ర గీత కొట్టండి, పని కింద నీలి గీత కొట్టండి. అంతే."

ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న ఆఫీసు పెన్సిళ్లు తలా ఒకటి పంచాడు. వాక్యాలు కూడా పుస్తకంలోవి కావు. 'దేవన్న ఓపెన్స్ ద వాల్వ్' అని బోర్డు మీద రాశాడు. దేవన్న ప్లంబరు కాబట్టి అందరూ నవ్వారు. దేవన్న తన పేరు కింద ఎర్ర గీత, 'ఓపెన్స్' కింద నీలి గీత, 'వాల్వ్' కింద మళ్లీ ఎర్ర గీత కొట్టాడు. ఏడో తరగతితో ఆగిన చదువు మళ్లీ కదిలినట్టయి, పైకి మొహం ముడుచుకున్నా లోపల మురిసిపోయాడు.

తర్వాతి వాక్యం 'దేవన్న కేమ్ ఇన్ 1988'. అది చూసి ఆ మురిపెం కాస్తా ఇంకిపోయింది. నేను వచ్చిన ఏడాది ఈయనకెలా తెలుసు? నా ఫైలు ఎందుకు తిరగేస్తున్నాడు?

"నేను చెప్పలే?" అని పక్కనున్న సదానందం మోచేత్తో పొడిచాడు. ఆయనది దేవన్న పక్క ఊరే, ఇద్దరిదీ ఒకటే గది. "పాఠం లేదు, పాడు లేదు. మన లెక్కలు తీస్తుండు."

ఆ రోజు చివరి వాక్యం 'ట్వెల్వ్ మెన్ లీవ్ ద క్యాంప్'. మార్చిలో వెళ్లినవాళ్ల సంగతేనని అందరికీ అర్థమైంది, ఎవరూ నవ్వలేదు.

"లీవ్ అంటే విడిచిపెట్టి పోయేది. పని. నీలి గీత" అన్నాడు రసూల్.

"లీవంటే సెలవు గద భాయ్?" అని దేవన్న అడిగాడు.

"అదింకొక లీవు. మంచి ప్రశ్నే అడిగినావు. దాని కత వచ్చే శుక్రవారం చెప్తా." అప్పటికే వంటవాళ్లు బల్లల మీద కంచాలు పరుస్తున్నారు. పాఠం ఆగిపోయింది.

దేవన్నకు కావలసింది లీవే. జనవరిలో దొరికిన లీవు యుద్ధం వల్ల రద్దయింది. రెండు నెలలు ఇంటికి పోయి, తిరిగొచ్చి ఇంకో రెండేళ్లు చెయ్యాలి. ఎందుకంటే అక్కడ ఇంట్లో భార్య ఊర్మిల దగ్గుతో తీసుకుంటోంది. బీడీల పొగాకు దుమ్ము పడదు, ఆ పని మానెయ్యమని జగిత్యాల డాక్టరు గట్టిగా చెప్పాడట. దేవన్న మాట మీద ఆమె బీడీలు చుట్టే చాట అటక మీద పెట్టేసింది. ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ చాట అటక మీద ఉంటుంది.

మంగళవారం రసూల్ పంపురూముకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, ఫైల్లోంచి ఒక టైపు కాగితం తీసి ఇచ్చాడు.

"నీ లీవు కాగితం. సంతకం పెట్టి శనివారం పది లోపల నా చేతికియ్యల్ల. ఎవురికీ చెప్పొద్దు. ఎందుకని నన్నడగొద్దు."

ఇలా చెబితే నిమ్మళంగా ఉన్నవాడికి కూడా అనుమానం పుట్టదూ? ఏప్రిల్ నుంచి లీవు లీవు అని తిరిగినప్పుడు పలకని ఆఫీసు, ఇప్పుడు తానై నడిచొచ్చి గుసగుసలాడుతోంది! కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. 'ఐ రిక్వెస్ట్ లీవ్ ఫ్రమ్ ఆగస్ట్. ప్లీజ్ అరేంజ్ మై రిటర్న్.'

ఎవరికీ చెప్పొద్దన్న మాటను దేవన్న సాయంత్రం దాకా కూడా మోయలేకపోయాడు. కాగితం చూసి సదానందం పెదవి విరిచాడు.

"ఆగస్టు నుంచి అని ఉన్నది. ఎప్పటిదాంక అనేది ఏది? ఇంకోటి చూడన్నా. ముదీర్‌ సారు గాని, ఆ ఫిలిప్పీన్ క్లర్కు గాని సెలవుకు పోయేటోన్ని ఏమంటరు? వెకేషన్ అంటరు. ఎన్నడన్న లీవని అన్నరా? మనోళ్లే అంటరు. మరి ఈయన లీవని ఎందుకు కొట్టిండు?"

ఆ ముక్క దేవన్నకు నాటుకుంది. నిజమే, ముదీరనే ఆ పెద్ద మేనేజరు నోట ఎప్పుడూ వెకేషనే. రసూల్ అన్న 'అదింకొక లీవు' ఇదేనా?

శుక్రవారం పాఠం ఎగ్గొట్టి ఇద్దరూ రియాద్‌లోని బతా బజారుకు పోయారు. అక్కడ ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కొదవ లేదు. హైదరాబాదీల దుకాణాలున్నాయి, ఫోటోస్టాట్ షాపుల్లో టైపు చేసేవాళ్లున్నారు. కాగితం ఎవరికైనా చూపిస్తే రెండు నిమిషాల పని. కానీ దేవన్నకు మనసొప్పలేదు. వీళ్లలో ఎవరు రసూల్‌కు దోస్తో, ఎవరి మాట ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పొచ్చారు? ఊరికే వచ్చిన చదువు ఉండగా మందిని బతిమాలడం ఎందుకని పౌరుషం కూడా వచ్చింది.

టీ కొట్టు బల్ల మీద కాగితం పరిచి రంగు పెన్సిలు తీశాడు.

'ఐ' అంటే నేను. ఎర్ర గీత. రిక్వెస్టు అంటే ఆఫీసులో పెట్టుకునే అర్జీ. రిక్వెస్టు పెట్టిన, రిక్వెస్టు పోయింది అని క్యాంపంతా అనేదే. అది వస్తువు, కనుక పేరు. ఎర్ర గీత. వాక్యానికి ఒక పని ఉండాలి గదా, మిగిలింది లీవ్. బోర్డు మీద రసూల్ స్వయంగా చెప్పిందే, విడిచిపెట్టి పోవడం. దాని కింద పెన్సిలు మొన విరిగేంత గట్టిగా నీలి గీత లాగాడు. ఇక రిటర్న్ అంటే వెనక్కి పంపే టికెట్టు.

"నేను అర్జీ పెట్టుకుంటున్న, ఆగస్టు నుంచి విడిచిపోతున్న, నన్ను వెనక్కి పంపుండ్రి. గిది రాసిండు చూడు సదానందం! నా చేతులతోనే నాకు మళ్ల రాకుండ ఎగ్జిట్ కొట్టిస్తుండు!"

"నీ జాగల వాళ్ల బామ్మర్దినెవరినో తెచ్చుకునేటందుకన్నా" అని సదానందం ఖరాఖండీగా తేల్చేశాడు. రసూల్‌కు బామ్మర్దులున్నారో లేదో ఇద్దరికీ తెలియదు.

దేవన్న కాగితాన్ని చింపలేదు. సాక్ష్యంగా పనికొస్తుందని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. మోసాన్ని తన చదువుతో తానే పట్టుకున్నానని ఆ రోజు బస్సులో రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకు రసూల్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "కాగితమేదప్పా?"

"ఎక్కడనో పడిపోయింది."

"ఇంకోటి కొట్టకొచ్చినా. ఇక్కడే పెట్టు సంతకం. నీకు దండం పెడతా."

దండం దాకా వచ్చాడంటే ఎంత లాభం ఉందో అనుకున్నాడు దేవన్న. "నాకు లీవొద్దు భాయ్" అని పానా తీసుకుని పైపు కిందికి దూరాడు. రసూల్ కాళ్లు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్లిపోవడం పైపు కిందినుంచి కనిపించింది.

బుధవారం మెస్సు గోడ మీద నోటీసు అంటించారు. ఇంటికి పంపేవాళ్లవి పదహారు పేర్లున్నాయి. ఎనిమిదోది దేవన్నది, తొమ్మిదోది సదానందానిది. సదానందం తిట్లు లంకించుకున్నాడు. దేవన్న నోటీసు పీకి చేత్తో పట్టుకుని ఆఫీసు గదికి పోయాడు.

"సంతకం పెట్టకపోయినా పంపిస్తున్నవ్ గదా! సంతోషమేనా?"

రసూల్ టైపు మిషను మీంచి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సంతకం పెట్టనందుకే పోతాండావప్పా. లీవులో ఉండేవాళ్లకు వేరే రిజిస్టరు. ఆళ్లను ఈ జాబితాలో ఎక్కించే దానికి లేదు. అక్టోబరులో కొత్త కాంట్రాక్టు వస్తాది, లీవులో పోయింటే నువ్వు తిరిగొచ్చేవాడివి. శనివారం పది దాకా జాబితా నా మిషన్లోనే ఉన్నింది. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతాది. ఒక్కరినే కాపాడగలను. నీ ఫైలంతా తిరగేసి, లీవు బాకీ ఉండేది నీకేనని నిన్ను పట్టుకున్నా."

దేవన్న జేబులోంచి మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. రసూల్ దాన్ని విప్పి, గీతలు చూశాడు.

"పోయిన శుక్రవారం యాల రాలేదు? ఒకే మాట ఒక చోట పేరవుతాది, ఇంకో చోట పనవుతాది. ఆ పొద్దు చెప్పింది అదే. నువ్వడిగిన ప్రశ్నే."

"వెకేషనని కొట్టలేదు గద భాయ్, అందుకే..." అని నసిగాడు దేవన్న.

"కడప కాలేజీ ఇంగ్లీషప్పా నాది. మన పక్క సెలవుకు లీవనే గదా రాస్తాము. నాకు తట్టలా."

రసూల్ పెన్సిలు తీసుకున్నాడు. రిక్వెస్ట్ కింద నీలి గీత కొట్టాడు. లీవ్ కింద, దేవన్న లాగిన నీలి గీత పక్కనే, ఎర్ర గీత కొట్టాడు. "ఇది పేరు. రెండు నెల్ల సెలవు. రిటర్నంటే మళ్లీ ఇక్కడికొచ్చేది. అంతే ఉన్నింది దీంట్లో."

దేవన్న తన చేతిలో నలిగిన నోటీసు వైపు చూశాడు. మొదటి వాక్యం ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే చదవగలిగాడు. 'సిక్స్‌టీన్ మెన్ విల్ లీవ్ ద కింగ్‌డమ్.'

"మరి గీ లీవు భాయ్?"

రసూల్ తల దించుకున్నాడు. "అది పనే దేవన్నా."

దేవన్న పెన్సిలు అందుకుని, నీలం కొస తిప్పుకుని, ఆ మాట కింద తిన్నగా ఒక గీత గీశాడు. ఈసారి తప్పు పోలేదు. అక్కడ ఊర్మిల అటక మీంచి చాట దించుకోవాలి.