పేర్లు పోయిన పాఠాలు

టవర్ క్రేన్ నడిపేవాడికి పైకెక్కి కూర్చున్నాక లోకంతో సంబంధం చెవి వరకే. కింద సిగ్నలిచ్చే మనిషి వాకీటాకీలో "పైకి... ఇంకొంచెం... ఆపు" అంటాడు. ఇతను "సరే" అంటాడు. సాయంత్రం దిగేదాకా మాటలంటే అవే. పెళ్లీడు వచ్చి, దాటిపోయి, ఆ సంగతి ఎవరూ ఎత్తడం మానేసేంత కాలంగా అతను ఆ పనిలోనే ఉన్నాడు. ఎత్తంటే భయం లేదు. భయమల్లా కిందికి దిగాక నలుగురి మధ్య ఏం మాట్లాడాలా అనే.

ఇంట్లో మాట్లాడే పని అతనికి ఎప్పుడూ పడలేదు. ఇద్దరి మాటలూ అక్కే మాట్లాడేది. అమ్మానాన్నలు ముందే పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. బడిలో లెక్కల టీచరు. "ముందు నీ పెళ్లి కానీ" అని ఆవిడ, "ముందు నీది కానీ" అని ఇతను, ఒకళ్లమీదొకళ్లు తోసుకుంటూ ఇద్దరూ మిగిలిపోయారు. రిటైరయ్యాక ఆవిడ చూపులేని విద్యార్థుల గ్రంథాలయానికి పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టింది. పక్కగది కిటికీకి పాత దుప్పట్లు కట్టి, బల్లమీద రికార్డరు పెట్టుకుని చదివేది. చరిత్ర, అకౌంట్లు, అన్నిటికన్నా ఎక్కువగా లా పుస్తకాలు.

"నీకర్థమవుతోందా అక్కా అదంతా?" అని అడిగాడొకసారి.

"నాకెందుకర్థం కావాలిరా? వినేవాళ్లకి అర్థమైతే చాలదూ? నువ్వు ముందు ఆ టీవీ గొంతు నొక్కు."

ఆవిడ రికార్డు చేస్తున్నంతసేపూ ఇల్లంతా నోరు మూసుకోవాలి. అతను పిల్లిలా నడిచేవాడు. లోపల్లోపల విసుక్కునేవాడు కూడా.

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో జ్వరమని పడుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లిన మర్నాడే పోయింది. వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. ఇల్లు మాత్రం ఆవిడ రికార్డు చేస్తున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు గట్టిగా నడిచినా వద్దనేవాళ్లు లేరు. అయినా అతని కాళ్లు మెత్తగానే పడేవి.

బల్ల సొరుగులో ఆవిడ హార్డ్ డిస్క్ దొరికింది. చదివినవన్నీ అందులోనే దాచేదని తెలుసు. ఇంట్లో కంప్యూటరు లేదు. ఆవిడ వాడినది గ్రంథాలయానిది, వాళ్లు తీసుకెళ్లిపోయారు. చిన్న కేబుల్ ఒకటి కొని డిస్కును తన ఫోనుకి తగిలించాడు. డిస్క్ లోపల ఏదో సన్నగా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఫోను మాత్రం తన దగ్గరికి ఎవరూ రానట్టే ఊరుకుంది.

వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే షాపుంది. నడిపేది ఒక ఆడమనిషి. కంటిమీదికి భూతద్దం దించుకుని, తలెత్తకుండానే మాట్లాడుతుంది.

"రెండు గొడవలున్నాయి బాబాయ్," అందావిడ, డిస్క్ తన కంప్యూటరుకి తగిలించి చూసి. "ఒకటి, దీన్ని తిప్పడానికి మీ ఫోనిచ్చే కరెంటు చాలదు. దానికి రెండు కొమ్ముల కేబుల్ ఇస్తాను, ఒక కొమ్ము పవర్ బ్యాంకుకి పెట్టుకోండి. రెండోది, గ్రంథాలయం కంప్యూటరుతో వాడేవారన్నారుగా, దీన్ని దానికి తగ్గట్టే తయారుచేశారు. ఆ పద్ధతి మీ ఫోనుకి రాదు. ఫోన్ని రూట్ చేస్తే చదివించొచ్చు."

"రూట్ అంటే?"

"కంపెనీవాళ్లు ఫోన్లో కొన్ని గదులకి తాళాలేసి ఇస్తారు. ఆ తాళంచెవులు మనం తీసుకోవడం. ఇక ఫోను మీరేం చెప్తే అది వింటుంది. తప్పు చెప్పినా వింటుంది, అదే దాంతో చిక్కు. పైగా ఇప్పుడు ఫోన్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. పరవాలేదా?"

"ఏమున్నాయి కనక," అన్నాడతను.

సాయంత్రానికి ఫోను సిద్ధమైంది. డిస్క్ తగిలించగానే తెరమీద అక్క పెట్టిన పేర్లు వరసగా వచ్చాయి. ఒప్పందాల చట్టం మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం... షాపామె ఫోను చేతికిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పింది: "అప్‌డేట్ చేయమని అడుగుతూ ఉంటుంది. ఛస్తే నొక్కకండి. నొక్కితే రూట్ పోతుంది."

అప్పటినుంచి అతను మధ్యాహ్నం భోజనానికి దిగడం మానేశాడు. అంతెత్తు నిచ్చెన దిగి మళ్లీ ఎక్కడం ఎవరికైనా బరువే కాబట్టి ఎవరూ వింతగా అనుకోలేదు. పని నడుస్తున్నంతసేపూ ఫోను ముట్టుకునేవాడు కాదు. కొక్కేనికి బరువు వేలాడుతుంటే చెవి, కన్ను దానిమీదే ఉండాలి. భోజనం వేళ, గాలి ఎక్కువై క్రేన్ ఆపేసినప్పుడు మాత్రం క్యాబిన్ తలుపేసుకుని, డిస్కును తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, అక్క చెప్పే ఒప్పందాల చట్టం వినేవాడు.

అవి గ్రంథాలయానికి పంపినవి కావు. కత్తిరించకముందువి. తప్పు చదివితే "ఛ" అని నాలిక్కరుచుకుని మళ్లీ మొదలుపెట్టడం, దగ్గు, మంచినీళ్ల చప్పుడు, దూరంగా కుక్కర్ కూత, "ఒరేయ్, అది మూడోది, ఆపేయ్" అని కేక, ఆ వెనక తన గొంతే, "ఆఁ ఆఁ, ఆపుతున్నా" అని విసుగ్గా. తన గొంతు అలా ఉంటుందని అతనికి తెలియదు. ఒకచోట ఆవిడ, "బలవంతం మీద పుచ్చుకున్న సమ్మతి సమ్మతి కాదు," అని చదివి, ఆగి, తనలో తాను నవ్వుకుంది. "అందుకే మా వాణ్ణి పెళ్లికి బలవంతపెట్టలేదు," అంది. వెంటనే గొంతు సవరించుకుని ఆ వాక్యం మళ్లీ మొదటినుంచీ చదివింది.

ఆ రోజు అతనికి తిండి సయించలేదు. డబ్బా మూతపెట్టి, అద్దంలోంచి కింద చీమల్లా తిరిగే మనుషుల్ని చూస్తూ కూర్చున్నాడు.

నెలలు గడిచాయి. ఫోను అప్పుడప్పుడూ అప్‌డేట్ అని అడిగేది, అతను పక్కకి తోసేసేవాడు. ఒకరోజు ఉదయం పైకెక్కేముందు, చేతికున్న తోలు తొడుగు తీయకుండానే, దాని చిరుగులోంచి పొడుచుకొచ్చిన వేలికొనతో తోయబోయాడు. వేలు ఎక్కడ పడిందో తెలియదు. మధ్యాహ్నం చూస్తే ఫోను అప్‌డేట్ అయిపోయి కొత్తగా లేచినట్టుంది. డిస్క్ తగిలించాడు. పేర్లు రాలేదు. దాని బదులు ఒక మాట వచ్చింది: డిస్క్ పాడైంది, సరిచేయడానికి ఇక్కడ నొక్కండి.

అతను నిజంగానే పాడైందనుకున్నాడు. పవర్ బ్యాంకు వాడినందుకే చెడిందేమో, ఫోనే బాగుచేస్తానంటోందిగా, మంచిదే అనుకున్నాడు. నొక్కాడు. ఏదో అడిగింది, సరేనన్నాడు. ఇంకేదో అడిగింది, దానికీ సరేనన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగేలోపే పని అయిపోయింది. డిస్క్ ఇప్పుడు చక్కగా పనిచేస్తోందని ఫోను చెప్పింది. తెరిచి చూశాడు. ఖాళీ.

కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు. ఖాళీ. కొమ్ములు మార్చి పెట్టాడు. ఖాళీ.

వాకీటాకీ గరగరలాడింది. "అన్నా, ఇనుము వచ్చింది. ఎత్తుదామా?"

"సరే," అన్నాడు. కొక్కెం దించాడు, ఎత్తాడు, తిప్పాడు, దించాడు. సాయంత్రం వరకూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దిగేటప్పుడు మాత్రం నిచ్చెన మధ్యలో ఆగిపోయి, కమ్మీని రెండు చేతులా కావలించుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఏమైందన్నా?" అని కిందనుంచి ఎవరో అరిచారు. ఏమీ కాలేదన్నట్టు చెయ్యూపాడు.

షాపామె విని, భూతద్దం పైకి తోసి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఆ తర్వాత ఇందులో ఏమైనా ఎక్కించారా?"

"లేదమ్మా."

"అదొక్కటి మంచిపని చేశారు. సరిచేస్తానని ఫోను పైపైన చెరిపింది, అడుగున ఇంకా ఉండొచ్చు. వెతికి లాగుతాను. కానీ బాబాయ్, వచ్చినా అన్నీ రావు. వచ్చినవాటికి పేర్లుండవు, వరసా ఉండదు. ముక్కలుగా కూడా రావచ్చు. పెద్దగా ఆశ పెట్టుకోకండి." డిస్క్ పక్కన పెట్టి అడిగింది, "వీటికి ఇంకో కాపీ ఎక్కడా లేదా?"

గ్రంథాలయం సంగతి అప్పుడు తట్టింది.

సెలవురోజు వెళ్లాడు. బస్సు స్టాండు వెనక పాత మేడమీద రెండు గదులు. అక్కడి ఇన్‌ఛార్జి పెద్దాయన అక్క పేరు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "టీచరుగారి తమ్ముడా మీరు!" అని, అడిగినవన్నీ చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, అక్కడే ఒకటి వినమని హెడ్‌ఫోన్ తగిలించాడు.

గొంతు అక్కదే. కడిగిన గాజుగ్లాసులా ఉంది. దగ్గు లేదు, నీళ్ల చప్పుడు లేదు, ఫ్యాను లేదు. కుక్కర్ లేదు. అతను లేడు. ముందుకు జరిపాడు, ఇంకా ముందుకు జరిపాడు. సమ్మతి గురించిన వాక్యం వచ్చింది. దాని వెంటనే తరవాతి వాక్యం వచ్చింది.

హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు.

"బాలేదా? రికార్డింగులో ఏమైనా తేడా ఉందా?" అని పెద్దాయన కంగారుపడ్డాడు.

"బాగుందండీ. మరీ బాగుంది," అన్నాడు.

పక్కబల్ల దగ్గర ఒకామె చేతికర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని ఏదో వింటోంది. వయసు ముప్ఫై దాటినట్టుంది, నల్లకోటు కుర్చీ వెనక తగిలించి ఉంది. చెవినుంచి హెడ్‌ఫోన్ తీసి ఇటు తిరిగింది.

"మన్నించండి, మాటలు చెవిలో పడ్డాయి. ఒప్పందాల చట్టం చదివిన టీచరుగారి తమ్ముడా మీరు?"

"అవునండీ."

"సొంత తమ్ముడేనా? ఆ ఇంట్లోనే ఉండేవారా?"

"అవును. ఏం?"

ఆమె మొహమంతా వెలిగింది. "ఒరేయ్, చెప్పులు బయట!"

అతను ఉలిక్కిపడి తన కాళ్లవంక చూసుకున్నాడు.

"మిమ్మల్ని కాదండీ," అని ఆమె పకపకా నవ్వింది. "అంటే మిమ్మల్నే. తనఖా పాఠంలో, సరిగ్గా మధ్యలో ఆవిడ ఆ మాటంటారు. కత్తిరించేవాళ్లు మర్చిపోయారు. మా హాస్టల్లో లా చదివినవాళ్లం అందరం ఆ పాఠం వినే పాసయ్యాం. గదిలోకి ఎవరొచ్చినా మా మధ్య ఆ మాటే. పరీక్షలో తనఖా ప్రశ్న రాగానే చెప్పులు గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆ తమ్ముడెవరో, చెప్పులు తీశాడో లేదో అని ఎన్నిసార్లు అనుకున్నామో! మిమ్మల్ని కొంచెం పొట్టిగా, లావుగా ఊహించుకున్నాం. గొంతు వింటే పొడుగ్గా ఉన్నట్టున్నారే?"

"పొడుగేనండీ," అన్నాడతను. తను పిల్లిలా నడిచిన ఆ రోజుల్లో, ఎక్కడో ఒక హాస్టలు గదిలో ముక్కూమొహం తెలియని పిల్లలు తన గురించి మాట్లాడుకున్నారన్నది ఎంతకీ లోపలికి ఇంకలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్క పోయాక మొదటిసారి, ఎవరూ గుచ్చి అడక్కుండానే, జరిగిందంతా చెప్పాడు. డిస్కు, రూటు, తోలు తొడుగు, అన్నీ.

ఆ లాయరమ్మ మధ్యలో ఓదార్పు మాటలేమీ అనలేదు. చివర్లో మాత్రం, "పేర్లు లేకుండా వస్తాయన్నారు కదా. ఏది ఏ అధ్యాయమో మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

"తెలీదు."

"నాకు తెలుస్తుంది. రెండు వాక్యాలు వినిపిస్తే చాలు. నా నంబరు రాసుకోండి."

షాపామె చాలా రోజులు తీసుకుంది. సగానికి కొంచెం తక్కువే వచ్చాయి. ఆవిడ చెప్పినట్టే అన్నిటికీ పేర్ల బదులు అంకెలు, కొన్ని వాక్యం మధ్యలో మొదలై ఇంకో వాక్యం మధ్యలో తెగిపోయేవి. పెళ్లి మాటన్న ముక్క రాలేదు. వెతికి వెతికి చివరికి అదిక లేదని ఒప్పుకున్నాడు. ఈసారి షాపామె అన్నిటినీ మామూలు ఫోను చదివే పద్ధతిలో ఇంకో డిస్కులోకి ఎక్కించి, మూడో కాపీ తన దగ్గరే ఉంచుకుంది. "మీ చేతిని నేను నమ్మను బాబాయ్," అని.

మధ్యాహ్నాలు మళ్లీ పైనే గడిచాయి. కోర్టు పని లేని రోజుల్లో లాయరమ్మ ఫోను ఎత్తేది. అతను ఒక ముక్క పెట్టి వినిపించేవాడు. ఆమె ఒక్క క్షణం విని, "హామీ, నాలుగో భాగం" అనేది; లేకపోతే "ఇది లా కాదండీ, అకౌంట్లు, ఎవరినైనా అడిగి చెప్తాను" అనేది. అతను పేరు రాసుకునేవాడు. కోర్టు ఉన్న రోజుల్లో ఫోను మోగి మోగి ఆగిపోయేది. అప్పుడు ఒక్కడే విని, తోచిన పేరు పెట్టి, పక్కన ప్రశ్నార్థకం ఉంచేవాడు. సాయంత్రం ఇంటికెళ్లి లైటు వేస్తే ఆ స్విచ్చి చప్పుడే వినిపించేది.

పేరు లేనివి తగ్గుతూ వచ్చాయి. అవి తగ్గుతున్నకొద్దీ అతనికి గుబులు పట్టుకుంది. అన్నిటికీ పేర్లు పెట్టేశాక ఏ వంకతో ఫోను చేయాలి? ఊరికే చేసి ఏం మాట్లాడతాడు? అతనికి మాటలు రావు.

ఒక మధ్యాహ్నం గాలి ఎక్కువగా ఉంది, క్రేన్ ఆపేశారు. క్యాబిన్ సన్నగా ఊగుతోంది. అతను ఫోను చేశాడు.

"ఇదేంటో అంతుపట్టడం లేదండీ. కాస్త వింటారా?"

పెట్టాడు. అక్క గొంతు, ఇతరుల వస్తువును భద్రపరిచేవాడి బాధ్యతల గురించి చదవసాగింది. వెనకాల ఎవరో వంటగదిలో గిన్నె జారవిడిచారు.

ఆ ముక్క పేరేమిటో పోయినవారమే ఆమె చెప్పింది. చెప్పినప్పుడు గిన్నె చప్పుడుకు నవ్వింది కూడా. అతనికి గుర్తుంది. ఆమెకూ గుర్తుండే ఉంటుంది. అతను కళ్లు మూసుకుని ఎదురుచూశాడు.

"సరిగ్గా వినపడలేదండీ," అందామె. "మొదట్నించీ పెట్టండి."

అతను మొదటినుంచి పెట్టాడు.