ఆడోళ్ల పాళి

చక్కెర ఫ్యాక్టరీ సైరను, భోంగా, కూసింది. గుడి భజనలో ఆడవాళ్ల వంతు పాళి అయిపోయింది. వీణ అందుకోవలసిన మగవాళ్లు మాత్రం రాలేదు.

లింగవ్వ పాట ఆపకుండానే మెడ తిప్పి గుడి గడప వైపు చూసింది. ఎవరూ లేరు. రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎదురుగా చాయ్ హోటల్లో భజన మండలి మగవాళ్లంతా బల్లల మీద కూర్చున్నారు. మండలి పెద్ద లక్ష్మీరాజం సాసర్లో చాయ్ పోసుకుని తీరిగ్గా ఊదుకుంటున్నాడు. గుడి మీది మైకు గొట్టం నేరుగా వాళ్ల వైపే ఉంది. అందులో నామం ఎప్పుడు తెగుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నారు మహానుభావులు.

బోధన్‌లోని ఆ గుడిలో ఏటా మాఘమాసంలో విఠలుడి సప్తాహం జరుగుతుంది. ఏడు రోజులు రాత్రింబవళ్లు నామం ఆగకూడదు. వీణ ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి మారాలే తప్ప నేల తాకకూడదు. అది మెడలో ఉన్నంతసేపు ఆ మనిషి నోట దేవుడి పేరు తప్ప వేరే మాట రాకూడదు. ఇన్ని కూడదులు కనిపెట్టిన పెద్దలు ఆడవాళ్లకు మాత్రం ఒక్కటే పని పెట్టారు. వెనక కూర్చుని చప్పట్లు కొట్టడం.

లింగవ్వకు ఆ చప్పట్లు సరిపోలేదు. బీడీలు చుట్టే వాడకట్టులో ఆమె గొంతెత్తితే పక్క గల్లీలో ఆకు కత్తిరించే కత్తెరలు ఆగేవి. తోటి ఆడవాళ్లను కూడగట్టి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూనే పాటలు నేర్పింది. భీమవ్వ చాట అంచు మీద వేళ్లతో దరువేసి వేసి చివరకు డోలక్ పట్టింది. "సారా దుకాణాలు బందు వెట్టించిండ్రు, ఇగ గుడి మీద వడ్డరా" అని మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు అడగడం మానలేదు. ఆఖరికి లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు, ఊరికే కాదు.

"పగటి పాళి తీస్కోన్రి. వీణె మాత్రం తుకారాం కాక మెడల్నే ఉండాలె. మీ పాళిల నామం తెగిందా, మళ్ల ఆడమనిషి గొంతు ఈ మైకుల వినవడది. మీ బిడ్డలది గుడ వినవడది."

ఆ మాట ఇప్పుడు లింగవ్వ చెవుల్లో గింగురుమంటోంది. పాడలేక ఓడిపోతే ఓ లెక్క. రావలసినవాళ్లు రాక ఓడిపోవడమా?

"వస్తలేరక్కా," అంది భీమవ్వ డోలక్ మీంచి చేతులు తీయకుండానే. "కావాల్ననే వస్తలేరు."

"ఎరికె. నువ్వు దరువు ఇడువకు."

పొగాకు దుమ్ము తిన్న గొంతులవి. ఒకామె దగ్గు ఆపుకోలేక పక్కకు తప్పుకుంది. ఆమె వెనకే ఇంకొకామె. లింగవ్వ సగం మందిని పాడమనీ, సగం మందిని నీళ్లు తాగి ఊపిరి తీసుకోమనీ సైగ చేసింది. అలా మార్చి మార్చి నెట్టుకొచ్చింది. గొంతులకైతే దారి దొరికింది గానీ తుకారాం కాళ్లకు దొరకలేదు.

వీణ మెడలో ఉన్నంతసేపు కూర్చోకూడదు. ముసలాయన ఏకాదశి ఉపవాసం మీద మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నాడు. నామం అంటూనే కళ్లతో గడప వైపు వెతికాడు. తర్వాత లింగవ్వను చూశాడు, నేలను చూశాడు. ఇక దించేస్తానన్నట్టు వీణను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దించకు కాకా!" లింగవ్వ ఒక్క ఉదుటున లేచి ఎదురుగా నిలబడింది. "నా మెడల ఎయ్యి."

ముసలాయన అడ్డంగా తల ఊపాడు.

"ఆడదాని మెడల ఏస్తె పాపమంటవు. మరి కిందవెడితె? ఏది పెద్ద పాపమో నువ్వే సూస్కో."

నిజం చెప్పాలంటే లింగవ్వకూ భయమే. లక్ష్మీరాజమంటే కాదు, దేవుడంటే. వీణ పక్క నుంచి నడవాలన్నా కొంగు దగ్గరకు లాక్కుని నడిచిన మనిషి ఆమె. ఇది తప్పయి, రేపు ఇంట్లో పిల్లలకేమన్నా అయితే? అయినా చాచిన చేతులు వెనక్కి తీయలేదు.

తుకారాం తూలి స్తంభానికి ఆనుకున్నాడు. హోటల్ వైపు చూశాడు. లక్ష్మీరాజం అతన్ని చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. ముసలాయన దవడలు బిగుసుకున్నాయి. లింగవ్వ వైపు తిరిగి రమ్మని తలాడించాడు.

వీణ అందుకునేవాళ్లు ముందు ఇచ్చేవాళ్ల పాదాలు ముట్టి మొక్కాలి. లింగవ్వ వంగి మొక్కింది. అతను పట్టీని తలమీంచి తీసి ఆమె మెడలో వేశాడు. తీగ మీటింది. ఆకాశం ఊడిపడలేదు. గొంతు మాత్రం ఆమే ఎరగనంత పెద్దగా లేచింది.

తుకారాం గుడి మెట్టు మీద కూలబడ్డాడు. ఖాళీ మెడతో ఉన్న అతన్ని చూసి లక్ష్మీరాజం పరుగున రోడ్డు దాటి వచ్చాడు. వెనకే మండలి అంతా వచ్చింది. గడపలో నిలబడి లోపలికి చూసేసరికి అతని నెత్తికి నిప్పంటుకున్నట్టయింది.

"ఎవలిచ్చిండ్రు దీనికి వీణె? దించు! కిందవెట్టు!"

లింగవ్వ నామం తప్ప ఏమీ అనలేదు.

"నేనే ఇచ్చిన," అన్నాడు తుకారాం. "భోంగ కూసినంక పాళి నీది. నువ్వు రాలే. ఇప్పుడు కిందవెట్టిస్తె సప్తాహం తెంపింది నువ్వయితవ్, ఆడోళ్లు గాదు. అందుకో."

చెరుకు బండ్లవాళ్లు కూడా గడప దగ్గర మూగారు. లక్ష్మీరాజం వాళ్లను చూసి, పళ్లు కొరుక్కుంటూ చేయి చాచి వీణ పట్టుకున్నాడు. లింగవ్వ వదలలేదు. లాగాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుని, పాడుతూనే అతని కళ్లలోకి చూసింది.

"మొక్కకుంటనే తీస్కుంటవా అన్నా?" అన్నాడు ఒక బండివాడు వెనక నుంచి.

ఎవరూ నవ్వలేదు. లక్ష్మీరాజం చేయి వీణ మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నడుము వంచాడు. అతని వేళ్లు తన పాదాలకు తగిలినప్పుడు లింగవ్వకు సంతోషం కాదు, ఏడుపొచ్చింది. పట్టీ తీసి అతని మెడలో వేసింది. అతను నామం ఎత్తుకున్నాడు.

ఇప్పుడామె నోటికి అడ్డు లేదు. ఉన్నదల్లా అతని నోటికే.

"రేపు తుకారాం కాకను ఇంటికాడనే పండనియ్యున్రి. పగటి పాళికి వీణె నేను పడ్త. ఎల్లుండి భీమవ్వ వడ్తది. కాదంటవా?"

లక్ష్మీరాజం ముఖం జేవురించింది. ఊరంతా చూస్తుండగా రెండుసార్లు నోరు తెరిచాడు.

"విఠలా," అన్నాడు.

ఆడవాళ్లంతా గట్టిగా అందుకున్నారు.