సొంత కారణాల వల్ల

మా బట్టల ఫ్యాక్టరీ షెడ్డులో కాలర్లు కుట్టే అక్క పదకొండు రోజులుగా గోడ పక్కన నిలబడి ఉంది. పని లేదు, కూర్చోవడానికి స్టూలు లేదు. కడుపుతో ఉన్న పిల్లని బాత్రూముకి ఎందుకు పోనివ్వరని అడిగినందుకు ఆమె మిషను తీసేశారు. "నిన్ను మేం పొమ్మన్నామా?" అని సూపర్‌వైజరు రోజూ నవ్వుతూ అడుగుతాడు.

పన్నెండో రోజు భోజనాల వేళ అక్క నా దగ్గరికొచ్చింది. "రాయవే చదువులమ్మా. కాళ్ళు వాచిపోయాయి. మానేస్తా."

ఇక్కడ డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. షెడ్డులో రాజీనామాలన్నీ నేనే రాస్తాను. మర్యాదగా ఉంటుందని 'నా సొంత కారణాల వల్ల' అని మొదలుపెట్టాను. ఇంతకు ముందు తొమ్మిది మందికీ అలాగే రాసిచ్చాను.

ఇస్త్రీ బాబాయి కాగితం లాక్కున్నాడు. "ఎవరి సొంతం? మీ పిన్నికీ ఇదే రాసిచ్చావు. తీసేశారని లేబర్ ఆఫీసుకెళ్తే, 'నువ్వే మానేశానని రాసిచ్చి, తీసేశారంటావేంటమ్మా' అన్నారు. ఉండలేకుండా చేసి పంపినా తీసెయ్యడం కిందే లెక్కట. కానీ ఆ మాట కాగితంలో ఉండాలి. చూసినవాళ్ళు చెప్పాలి."

మేలు చేస్తున్నాననుకుంటూ యజమానికి తొమ్మిది సాక్ష్యాలు రాసిచ్చాను. కలం పట్టినవాళ్ళు ఇది మరిచిపోకూడదు.

"చెబుతారా?" అక్క అందరినీ చూసింది.

"నాకిద్దరు పిల్లలక్కా," అంది గుండీలు కుట్టే వదిన.

"నా పిల్లలేమన్నా గాలి తిని బతుకుతారా?"

ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. కడుపుతో ఉన్న పిల్ల లేచింది. "అక్క ఆరోజు నా గురించేగా అడిగింది. ఎక్కడ పెట్టాలి సంతకం?"

గోడ దగ్గరి పదకొండు రోజులూ రాశాను. ఏడు సంతకాలయ్యాయి. వదిన తలెత్తలేదు.

భోజనాల వేళ ముగిశాక అక్కా నేనూ మేనేజరు గదికెళ్ళాం. అతను చదివి కాగితం విసిరాడు. "ఈ పురాణమేంటి? సొంత కారణాలని రాయి, తీసుకుంటా."

"నాకు సొంత కారణాలేం లేవు సార్," అంది అక్క.

అతను నా వైపు తిరిగాడు. "ఈ రాత నీదేగా? నువ్వు రాసిన పాత రాజీనామాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి."

"అవన్నీ అబద్ధాలు సార్. ఎక్కడైనా చెబుతాను."

"అయితే సంతకం పెట్టినవాళ్ళెవరికీ రేపు మిషనుండదు!" ఆ అరుపు షెడ్డంతా వినిపించింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

తలుపు తోసుకుని వదిన వచ్చింది.

"ఆ కాగితం ఓసారివ్వండి సార్. నా సంతకం పడలేదు."

ఆమె వెనక వరండా నిండా జనం.