చెప్పవలసిన మనిషి

మోటారు గాడుల్లోకి రాగితీగ దించుతున్నవాడల్లా మధ్యలో ఆపి చేతులు తుడుచుకున్నాడు. సగం చుట్టిన మోటారు మీద గుడ్డ కప్పి, "వాయిదా ఉంది, వెళ్ళొస్తా" అన్నాడు.

వైండింగ్ షాపు యజమాని తలెత్తలేదు. "ఇంకా నడుస్తోందా నీ కేసు? హనుమంతుడి తోక నయం."

అతను నవ్వి ఊరుకున్నాడు. పొట్టి మనిషి. వేళ్ళ కొసల నిండా తీగ కోసిన గాట్లు. నడుస్తుంటే ఎడమ భుజం ముందుకు వాలుతుంది. పాతికేళ్ళు బట్టల కొట్లో సరుకు లిఫ్టు పిడి లాగిన భుజం అది. ఆ పని పోయి చాలా కాలమైనా వీధిలో అందరికీ అతను లిఫ్టాయనే. కోర్టులోనూ లిఫ్టు ఉంది. దాని వంక చూడకుండా మూడంతస్తులూ మెట్లెక్కుతాడు. ఈ మధ్య రెండో మలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగాల్సివస్తోంది. ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది, కాసేపటికి వదులుతుంది. ఇంట్లో భార్యకు చెప్పలేదు. చెబితే ఆమె కుట్టు మిషను ఆపేసి తోడు బయల్దేరుతుంది.

ముసురుకు తడిసిన గొడుగును వరండా చివర ఆరేసి వచ్చేసరికి, ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. ఆ కొట్లో లిఫ్టు గుంతలో పడి చనిపోయిన హమాలీ భార్య. ప్రతి వాయిదాకూ వస్తుంది, ఎదుటి బల్ల మీద కూర్చుంటుంది, చీర కొంగు మెడ చుట్టూ లాక్కుని అతన్నే చూస్తుంది. తిట్టదు, ఏడవదు. తిడితే బాగుండునని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఉచితంగా వాదించడానికి కోర్టు ఇచ్చిన లాయరమ్మ నల్లకోటు సర్దుకుంటూ వచ్చింది. కూతురి వయసు పిల్ల.

"బాబాయ్, సర్కారు లాయరు ఓ మాటన్నాడు. నేరం ఒప్పుకుంటే అప్పట్లో మీరు లోపలున్న రోజులే శిక్ష కింద సరిపెట్టమని అడుగుతాడట. సాయంత్రానికి గొడవ వదిలిపోతుంది."

"ఒప్పుకుంటే నేను చంపినట్టా అమ్మా?"

"చంపారని కాదు. మీ నిర్లక్ష్యం వల్ల మనిషి పోయాడని. కావాలని చంపడం వేరు, ఇది వేరు."

"పోయినవాడికి రెండూ ఒకటేగా."

లాయరమ్మ అతని పక్కన కూర్చుంది. ఆ అమ్మాయికి విసుగు లేదు. ఈ మాట ఎన్నోసారి చెబుతోందో, మళ్ళీ మొదటిసారిలాగే చెప్పింది. "నేరం చెయ్యలేదని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. చేశారని వాళ్ళు రుజువు చెయ్యాలి. తలుపు గొళ్ళెం అరిగిందని మీరు మేనేజరుకు చెప్పారు. గొలుసు కట్టి లిఫ్టు ఆపారు. తీయించింది ఆయన. లిఫ్టు నడపాలా వద్దా అనేది మీ చేతుల్లో లేదు. చెప్పడం వరకే మీ పని, మీరు చెప్పారు. అదే మన వాదన. ఇవాళ వాచ్‌మన్ నిజం చెబితే బయటపడతాం."

"అయితే ఒప్పుకోనమ్మా," అన్నాడతను. ఎదుటి బల్ల వైపు చూశాడు. "ఆవిడ కూడా వినాలి."

వాచ్‌మన్‌ను బోనెక్కించారు. అతను ఇప్పటికీ ఆ కొట్లోనే పనిచేస్తున్నాడు. మేనేజరు పేరెత్తగానే నీళ్ళు నమిలాడు. టోపీ చేతుల్లో నలిపాడు. లిఫ్టాయన తల దించుకున్నాడు. ఇంకేముంది, పుట్టి మునిగిందనుకున్నాడు. అంతలో వాచ్‌మన్ గొంతు పెగిలింది.

"గొలుసు కట్టాడయ్యా. తెల్లారే కట్టాడు. కూలీలు రాకముందే మేనేజరుగారు తీయించారు. సరుకు ఆగితే నీ ఉద్యోగం ఊడుతుందని కేకలేశారు. తలుపు దగ్గర కాపలా నిలబడతానని ఇతనన్నాడు, నిలబడ్డాడు కూడా. ఆయనే లిఫ్టులో పైకి పంపారు, ఏదో మూట తెమ్మని. ఈలోగా ఆ హమాలీ బేళ్ళు మోసుకుంటూ వెనక్కి నడిచి తలుపు తోశాడు. లోపల లిఫ్టు లేదు."

సర్కారు లాయరు ఎంత గుచ్చి అడిగినా వాచ్‌మన్ మాట మార్చలేదు. తీర్పు వచ్చే వాయిదాకు చెబుతామన్నారు. మేనేజరు మీద మాత్రం కేసే లేదు. అతను సర్కారు తరపు సాక్షి.

బయటికి రాగానే లాయరమ్మ అతని చేతులు పట్టుకుని ఊపింది. "గట్టెక్కినట్టే బాబాయ్! పిన్నికి చెప్పండి." మరో కేసు పిలుపు రావడంతో పరుగున వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళకు అతనికి గుండెల మీది బండ దిగినట్టయింది. అప్పుడు ఆవిడ లేచి వచ్చింది. ఇంత దగ్గరగా ఆమెను చూడటం అదే మొదలు. జుట్టు సగం నెరిసిపోయింది.

"మేనేజరుకు చెప్పావు. విన్నాను," అంది. "ఆ పొద్దున నువ్వూ మా ఆయనా గేటు దగ్గర కలిసి టీ తాగారట గదా. ఆయనకెందుకు చెప్పలేదు?"

ఇన్నేళ్ళలో పోలీసులు అడగలేదు, లాయర్లు అడగలేదు, జడ్జీ అడగలేదు. కూలీలకు తెలిస్తే పని మానేస్తారు, నోరు మూసుకో అన్నాడు మేనేజరు. అతను మూసుకున్నాడు. టీ తాగుతున్నంతసేపూ హమాలీ తన కొత్త అల్లుడి గురకను అనుకరిస్తూ నవ్విస్తూనే ఉన్నాడు. తానూ నవ్వాడు. తలుపు దగ్గర నేనుంటాగా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

"చెప్పాల్సిందమ్మా," అన్నాడు.

ఆవిడ ఇంకేమైనా అంటాడేమోనని నిలబడింది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను బల్ల మీద కూలబడి గోడకు తల ఆనించాడు. జనం వస్తూ పోతూ ఉన్నారు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నారు. సాయంత్రం గదులకు తాళాలు వేస్తూ బంట్రోతు భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

తీర్పు రోజున లిఫ్టాయన భార్య వచ్చింది. హమాలీ భార్య రాలేదు. కేసు పిలిచారు. లాయరమ్మ లేచి ఒక్క మాట చెప్పింది. జడ్జీ ఏదో రాసుకుని తర్వాతి కేసు పిలవమన్నారు.

భార్యకు అర్థం కాలేదు. వరండాలోకి వచ్చాక అడిగింది. "ఏమన్నారమ్మా? తప్పు లేదన్నారా?"

"ఏమీ అనలేదు పిన్నీ. ముద్దాయి పోతే కేసు అక్కడితో ముగుస్తుంది. తీర్పుండదు."

"ఉందనీ అనలేదు, లేదనీ అనలేదా?"

"లేదు."

"పోనీ, ఆయన గట్టెక్కినట్టేనని మొన్న ఇంటికొచ్చినప్పుడు నువ్వే అన్నావుగా. ఆ మాటే ఓ కాగితమ్మీద రాసివ్వకూడదా?"

లాయరమ్మ కోటు గుండీ పట్టుకుని నిలబడింది. భార్య "పోనీలే తల్లీ, నువ్వేం చేస్తావు," అని మెట్ల వైపు నడిచింది. కళ్ళు మసకేసి ఎటూ చూడలేదు.

వరండా చివర కిటికీ ఊచకు, ఆ చివరి వాయిదా రోజున అతను ఆరేసిన నల్ల గొడుగు అలాగే వేలాడుతోంది. ఎప్పుడో ఆమె నల్లదారం అయిపోతే తెల్లదారంతో కుట్టిన మూల గాలికి మెల్లగా అటూ ఇటూ కదులుతోంది.