ముందు వేళ్ళు, తరువాత దువ్వెన

పిల్లికి ఒక దువ్వెన, కుక్కకి ఒక దువ్వెన. కుక్క వాసన తగిలిన దువ్వెన దగ్గరికి తెస్తే పిల్లి చెవులు వెనక్కి వంచి పంజా విసురుతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, దువ్వేది ఆమె ఒక్కతే కాబట్టి. రోజూ పొద్దున్నే బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టి, వెనక వరండాలో పాత దుప్పటి పరుచుకుని కూర్చుంటుంది. ముందు వేళ్ళు, తరువాత దువ్వెన. చెవుల వెనక, మెడ కింద, చంకల్లో వేళ్ళు పోనిచ్చి చిక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరికాక మొదలు దగ్గర పట్టుకుని కొస నుంచి విప్పుకుంటూ రావాలి, అప్పుడు చర్మం లాగదు. ఇదంతా ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన "ఇక ఇవి నీ పిల్లలే" అని నవ్వుతూ అప్పగించాడు, అంతే. స్నేహితులొస్తే మాత్రం "చూశారా, మావాడి జుట్టు పట్టులా ఉంటుంది" అని కుక్క వీపు నిమిరేది ఆయనే. పట్టు ఊరికే రాదని చెప్పాలనిపిస్తుంది. అత్తగారిదింకో పాట: "వాటిని దువ్వుతావు సరే, నీ తల ఒకసారి అద్దంలో చూసుకో అమ్మాయ్. నీకన్నా ఆ పిల్లి నయం."

ఆమెకు భయమెక్కువని ఇంట్లో పేరు పడిపోయింది. బిడ్డ తుమ్మినా ఒళ్ళు పట్టి చూస్తుంది, నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెడుతుంది. ఇరవై రోజుల కిందట స్నానం చేస్తుంటే ఆమె ఎడమ చంక కింద శనగగింజంత గట్టి గడ్డ తగిలింది. మొగుడికి చెబితే ఫోన్ లోంచి తల ఎత్తలేదు. "పాలిచ్చేవాళ్ళకి అవన్నీ మామూలే. చదివింది పదో తరగతి, చూసేది డాక్టర్ల వీడియోలు. లోకంలో ఉన్న రోగాలన్నీ నీకే రావాలి మరి." నిజమే కాబోలు, నా భయమే గడ్డ కట్టిందేమో అనుకుంది. అనుకుంటూనే రోజూ తడుముకుంది. అది పోలేదు.

ఆ సోమవారం కుక్క చంకలో వేలికి ఏదో అడ్డం పడింది. చిక్కే అనుకుని పట్టుకుంటే వెంట్రుకలతో పాటు రాలేదు. తోలు కింద ఉంది. ఆఫీసుకు బూట్లు వేసుకుంటున్న మొగుడి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వీడియోల మాట పడడానికి సిద్ధపడే చెప్పింది.

"ఏదీ, ఎక్కడ?" ఒక బూటుతోనే వరండాలోకి వచ్చేశాడు. ఎంత తడిమినా ఆయనకు దొరకలేదు. ఆమే ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పెట్టాడు. బిడ్డను అత్తగారికిచ్చి కారెక్కారు. కుక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. ఒక్క మాటకే నమ్మాడు. తన చంక కిందది కనిపెట్టిందీ అవే వేళ్ళు కదా.

పశువుల డాక్టరమ్మ నొక్కి చూసి, సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపింది. ఆ ఫలితం వచ్చేదాకా వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, తరువాత లోపలికి పిలిచింది.

"మంచిది కాదు. కానీ చాలా చిన్నగా ఉండగానే తెచ్చారు. తీసేస్తే సరిపోతుంది. ఇంత బొచ్చులో ఎవరు కనిపెట్టారండీ?"

"మా ఆవిడే డాక్టర్ గారూ." ఆయన గొంతులో ఎక్కడలేని గర్వం. "దీని చేతి కింద ఏదీ దాగదు."

"అదృష్టవంతుడివిరా," అంది డాక్టరమ్మ కుక్క చెవి నిమురుతూ. "రోజూ తడిమి చూసే మనిషుంది నీకు."

బయటికొచ్చాక ఆయన కళ్ళు తుడుచుకుని కారు తలుపు తీశాడు. ఆమె ఎక్కలేదు.

"ఇందాక మీరన్నది నిజమేనా?"

"ఏది?"

"నా చేతి కింద ఏదీ దాగదని."

"నిజమే. ఏం?"

"అయితే రేపు కూడా సెలవు పెట్టండి. బిడ్డను చూసుకోవాలి, వీటిని దువ్వాలి. పిల్లి దువ్వెన నీలంది, మార్చకండి. నేను నా చంక కిందది చూపించుకోవడానికి వెళ్తున్నాను."

ఆయన నోరు తెరిచాడు. మామూలే అనబోయాడో ఏమో, కుక్క వీపు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా ఉందా అది?" అన్నాడు.

"మీరు చూడలేదుగా," అంది ఆమె.