వెనక్కి నడిచే ఫ్రంట్

లారీ వచ్చి నారుమడి మీద మొరం గుమ్మరించింది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే. నాచారం కుంట కింద శాంతాబాయి పోసుకున్న నారు, జానెడు లేచి నాటుకు సిద్ధమైన నారు, సగానికి పైగా ఎర్రమట్టి కింద పడిపోయింది. డ్రైవరు కిందికి దిగనైనా దిగలేదు. తలుపు సందులోంచి ఒకసారి చూసి, బీడీ పారేసి, బండిని రోడ్డెక్కించాడు.

శాంతాబాయి పరుగున వచ్చి మొరంలో కూలబడి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడుపు రేపైనా ఏడవొచ్చు, నారు రేపటికి బతకదు.

ఇది ఎవరి పనో చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు. ఆ మడి గంగాధరరావు దొర పేరు మీద ఉంది. దాన్ని కౌలుకు చేసేది శాంతాబాయి. ఆమె అత్త చేసింది, మొగుడు బతికున్నన్నాళ్లు మొగుడితో కలిసి తను చేసింది, అతను పోయాక ఒక్కతే చేస్తోంది. నాచారంలో ఏ పక్క చూసినా షెడ్లు లేస్తున్న రోజులవి. నిన్న వరి ఉన్నచోట ఇవాళ ప్రహరీగోడ. దొర కూడా ఒక కాంట్రాక్టరుతో మాట ఖాయం చేసుకున్నాడు. అడ్డల్లా ఒక్కటే, సాగులో ఉన్న భూమి నుంచి కౌలుదారును లేపడానికి చట్టం ఒప్పదు. బీడు పడిందంటే మాత్రం అడిగేవాడు లేడు. ఎల్లుండి తహశీల్దారు మోకా చూడటానికి, అంటే సాగు ఉందో లేదో స్వయంగా చూడటానికి వస్తున్నాడు. ఆయన కంటికి నాటిన మడి కనిపిస్తే శాంతాబాయి నిలుస్తుంది. మొరం కుప్ప కనిపిస్తే ఆమెతో పాటు ఆ కుంట కింద చేసుకుంటున్న ఆడవాళ్లందరూ ఒకరి వెనుక ఒకరు ఖాళీ చేసి పోవాలి.

పైగా ఎమర్జెన్సీ పెట్టి నెల కాలేదు. నలుగురు ఒకచోట కూడితే జీపు వస్తున్న కాలం. దొరకు ఇంతకన్నా మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?

ఆ మధ్యాహ్నమే శాంతాబాయి తోడికోడలు తారామణి వాకిట్లో అందరూ కూడారు. తారామణి మొగుడు ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి, అరెస్టులు మొదలైనప్పటి నుంచి ఇంటికి రావడం లేదు. అందుకే ఆమెకు భయం కొంచెం తక్కువ, కోపం కొంచెం ఎక్కువ. మొరం కింది నుంచి తీసిన నారు, తలా కొంత తమ నారుమళ్ల నుంచి ఇచ్చే నారు కలిపితే సరిపోతుందని తేలింది. చిక్కంతా చేతులతోనే వచ్చింది. రోజూ కైకిలికి వచ్చే ఆడవాళ్లను దొర మనుషులు ఇంటింటికీ తిరిగి బెదిరించారు. శాంతాబాయి మడిలో కాలు పెట్టినవాళ్లకు ఇక ఏ మడిలోనూ పని ఉండదన్నారు.

అప్పుడు తారామణి ఉప్పల్ పిల్లల మాట ఎత్తింది. ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకొని ఇద్దరు పరదేశపు విద్యార్థులు ఉంటున్నారు. టాంజానియా నుంచి వచ్చిన నీమా, హాలండ్ నుంచి వచ్చిన పీటర్. ఆడవాళ్లు చేసే సేద్యం మీద చదువుతున్నారట. నీళ్లు ఎవరు కడతారు, విత్తనం ఎవరు దాస్తారు అని అడుగుతూ నెలరోజులుగా గట్ల వెంట తిరుగుతున్నారు. వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ చెప్పే పిల్ల అరుణకుమారి. మల్కాజిగిరిలో రైల్వే ఆఫీసరు కూతురు, కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆమె ‘వచ్చారండి, వెళ్లారండి’ అంటుంటే వీళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఆ ముగ్గురూ ఇప్పుడు కబురు తెలిసి వచ్చి, వాకిట్లో ఓ మూల నిలబడి ఉన్నారు.

అందరికన్నా పెద్దది సుశీలమ్మ ఒప్పుకోలేదు. “గీ పిల్లలు మంచోళ్లే, కాదంటలేను,” అంది. “కని రేపు ఇమానమెక్కి పోతరు. దొర మొఖం సూసేది మనం. ఆళ్లు మడిల దిగితె, నాటిందంత పరదేశపోళ్లే, గీ ఆడోళ్లు ఊకెనే కూసున్నరంటడు.”

దిగకుంటే ఎవరు నాటాలని తారామణి అడిగింది. మాట మాట పెరిగింది. శాంతాబాయి గోళ్ల సందుల్లో మొరం ఇంకా ఎర్రగానే ఉంది. వాళ్లిద్దరిలో ఎవరి మాట తప్పో ఆమెకు తెలియలేదు.

చివరికి నీమా ఏదో చెప్పింది. అరుణకుమారి దాన్ని తెలుగులో చెప్పింది. నీమా వాళ్లమ్మ చేసుకునే భూమిని ఒక తోటల కంపెనీ లాక్కుందట. ఆ రోజు పక్కన నిలబడటానికి ఎవరూ రాలేదట. “మమ్మల్ని మడిలోకి రానివ్వక్కర్లేదండి, గట్టు మీద నుంచి నారు అందిస్తాం అంటోంది,” అంది అరుణకుమారి. నారు మోసి అందించే పని తప్పితే నాటడానికి తమ చేతులే చాలతాయని సుశీలమ్మ వేళ్ల మీద లెక్క వేసి, సరే, గట్టు దిగకూడదు అంది.

పొద్దు పొడవకముందే నారుమడి పక్కనున్న నాటు మడిలో నీళ్లు పెట్టి, దున్ని, చదును చేశారు. ఆడవాళ్లు కొంగులు నడుముకు చెక్కుకొని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒక్క వరసలో నిలబడ్డారు. దాన్ని వాళ్లు మునుం అంటారు. మునుం పడితే ఎవరి వెడల్పు వాళ్లది. ఒకరు వెనకబడితే పక్కవాళ్లు చేయి చాచి ఆమె వంతు కూడా నాటేస్తారు. ఒడ్డు చేరేదాకా మధ్యలో వదిలి వెళ్లడం ఉండదు. కుడి కొస సుశీలమ్మది, నడుమ శాంతాబాయి, ఆమె పక్కన తారామణి.

దీన్నేమంటారని గట్టు మీద నుంచి నీమా అడిగింది. అరుణకుమారి ఆలోచించింది. మునుం అనే మాటకు ఇంగ్లీషులో ఆమెకు తట్టింది ఒక్కటే. ఫ్రంట్ అంది. నీమాకు ఆ మాట ఎంతో నచ్చింది. కానీ నాటు మొదలై, వాళ్లంతా వంగి నాటుతూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. వెనక్కి నడిచే ఫ్రంట్‌ను ఇదే చూడటమట. అరుణకుమారి ఆ మాట చెప్పగానే మడంతా నవ్వింది. ఆ రెండు రోజుల్లో వాళ్లు నవ్వింది అప్పుడొక్కసారే.

సగం మడి పచ్చబడేసరికి ఆవలి ఒడ్డు మీద జీపు ఆగింది. ఎస్సై, కానిస్టేబుళ్లు, వాళ్ల వెనుక గొడుగు కింద దొర. ఆడవాళ్లకు చప్పుడు వినబడింది. తల తిప్పలేదు. నాటు పద్ధతి అదే కదా, వెనుక ఏముందో చూడకుండానే వెనక్కి పోవాలి. వీపులు పోలీసుల వైపు పెట్టి, అడుగడుగునా వాళ్లకే దగ్గరవుతున్నారు.

గట్టు మీద ఉన్నవాళ్లను ఎస్సై నిలదీశాడు. దాచాల్సింది ఏముందనుకుందో ఏమో, నీమా ఇంగ్లీషులో ధైర్యంగా చెప్పింది. ఇది ఈ స్త్రీల ఫ్రంట్, మేము వట్టి సాయం చేస్తున్నాం అంది. ఎస్సై చెవికి ఎక్కిన మాట ఒక్కటే, సర్కారుకు ఎదురు తిరిగే సంఘాలు పేరులో పెట్టుకునే ఫ్రంట్. దొర గొడుగు మూసి, విన్నవా అన్నట్టు ఎస్సై వైపు చూశాడు.

“ఏందే, ఫ్రంట్ పెట్టిన్రంట?” అని ఎస్సై శాంతాబాయిని గద్దించాడు.

శాంతాబాయి నడుము ఎత్తింది. ఫ్రంట్ ఆమెకు తెలియని మాట కాదు. తెల్లారితే ఆకుకూర గంపతో మల్కాజిగిరి బస్సు ఎక్కే మనిషి. ఆడోళ్లంతా ఫ్రంట్‌కు పోండ్రి అని కండక్టరు రోజూ అరుస్తాడు. ముందు సీట్లు ఆడవాళ్లవి. అందులో నేరమేముంది?

“ఔ సారు,” అంది. “ఆడోళ్లం ఎప్పటికి ఫ్రంట్‌నే ఉంటం.”

అరుణకుమారి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఇద్దరు కానిస్టేబుళ్లు గట్టు మీదుగా నాటిన వైపుకు చుట్టి వచ్చి బూట్లతోనే మడిలో దిగారు. కొత్తగా నాటిన వరసలు తొక్కుకుంటూ వచ్చి శాంతాబాయి రెక్కలు పట్టుకున్నారు. ఆమె చేతిలోని నారు కట్ట నీళ్లలో పడింది. నడుమ ఆమె నిలబడ్డ చోటు ఖాళీ అయింది.

నీమా గట్టు దిగబోయింది. సుశీలమ్మ తల ఎత్తకుండానే అంది, “నువ్వు దిగకు బిడ్డా. నారందియ్యి.” అటు నుంచి ఒకామె, ఇటు నుంచి తారామణి చేతులు చాచి ఆ ఖాళీలో మొక్కలు గుచ్చారు. తొక్కిన చోట మళ్లీ నాటారు. జీపు ఎక్కిస్తుంటే శాంతాబాయి చూసిన చివరి సంగతి అదే. మునుం తెగలేదు.

ఠాణాలో ఎస్సై గొంతు మెత్తబడింది. పరదేశపోళ్లు వచ్చి రెచ్చగొట్టారు, నాటింది కూడా వాళ్లే, మాకేం తెలియదు అని చెప్తే చాలన్నాడు. పరదేశపోళ్లను వాళ్ల దేశం పంపించేస్తారు, ఆమె ఇంటికి పోవచ్చు. లేదంటే ఫ్రంట్ పెట్టానని తన నోటితోనే ఒప్పుకుంది కాబట్టి జైలే. ఎమర్జెన్సీలో బెయిలు మాట ఉండదన్నాడు.

జీపు వెనకే ఠాణాకు వచ్చిన అరుణకుమారి గోడ పక్కన నిలబడి ఏడుస్తోంది. ఆ మాట నేనే తెచ్చి మీ నెత్తిన పెట్టానంది. శాంతాబాయి ఆమెను దగ్గరికి పిలిచింది. “ఏడ్వకు బిడ్డా. గా ఫ్రంటంటె అసలేంది, జర చెప్పు.”

“అన్యాయం చేసేవాళ్లకు ఎదురుగా అందరూ ఒక్క వరసలో నిలబడటం అండీ. ఎవరూ మధ్యలో వదిలిపోకుండా.”

శాంతాబాయి ఆ మాటను ఎస్సై చెప్పమన్న మాట పక్కన పెట్టి చూసుకుంది. నాటింది పరదేశపోళ్లే అని ఒక్క మాటంటే చాలు, ఇంటికి పోవచ్చు. ఆ మాటతోనే మడి కూడా పోతుంది. రేపు తహశీల్దారు ముందు దొర చెప్పబోయేది అదేనని ఆమెకు తెలుసు. సుశీలమ్మ నిన్ననే అంది. జైలంటే భయం లేదని కాదు. మోకాళ్ల దాకా అంటిన బురద ఎండి పెళుసుగా రాలుతోంది.

“అయితె నేను తప్పేం జెప్పలే,” అంది. తర్వాత ఎస్సై వైపు తిరిగింది. “నారందిచ్చింది ఆళ్లు. నాటింది మేము. ఫ్రంట్ ఉన్నది సారు. పొద్దున తెల్వక జెప్పిన, ఇప్పుడు తెలిసే జెప్తున్న.”

ఎస్సై టోపీ పెట్టుకొని, ఆమెను ఎక్కించి జైలుకు జీపు తీయమన్నాడు.

జీపు ఠాణా గేటు దాటలేకపోయింది. గేటుకు అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మడి నాటడం ముగించి, కాళ్లు కూడా కడుక్కోకుండా నడిచొచ్చారు. కుడి కొసన సుశీలమ్మ. నడుమ తారామణి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలారు. మడిలో పూడ్చిన ఖాళీని ఇక్కడ ఎవరూ పూడ్చలేదు. నీమా, పీటర్ రోడ్డుకు అవతల నిలబడ్డారు. నీమా చేతిలో మిగిలిన నారు కట్ట ఒకటి ఉంది.

నాచారంలో షిఫ్టు దిగే సైరన్ మోగింది. టిఫిను డబ్బాలతో వస్తున్న కార్మికులు ఆగారు. ఏందని అడిగారు. తారామణి చెప్పింది. మొదట ఒకతను సైకిలు గోడకు ఆనించి వరస కొసన నిలబడ్డాడు. తర్వాత చాలామంది నిలబడ్డారు.

ఎస్సై హారన్ కొట్టించాడు. ఆడవాళ్లు జీపుకు వీపులు పెట్టి, నాటు వేసేటప్పటిలాగే నడుములు వంచి, వెనక్కి ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు వేశారు. ఒక్క వరసగా, గేటు లోపలికి, జీపు వైపుకు వస్తున్నారు. ఎస్సై కిందికి దూకి ఆగమని అరిచాడు.

సుశీలమ్మ తల తిప్పలేదు. “ఒడ్డు చేరేదాక మునుం ఆగదు సారు,” అంది.

జీపులోంచి శాంతాబాయి చూస్తోంది. ఆ వరస నడుమ తన చోటు అడుగు అడుగునా తన దగ్గరికే వస్తోంది. ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది.