బొబ్బట్ల సీను

జూబ్లీ హిల్స్‌లో సూర్యప్రకాశరావు గారింట్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్న బుచ్చమ్మకి ఇన్నాళ్లకి చెడ్డపేరొచ్చింది. కారణం ఒక బిళ్ల. సినిమాల్లో హీరోలకి తండ్రి వేషాలు వేసే సారు జబ్బ మీద రూపాయంత బిళ్ల అతికించారు. ఒంట్లో షుగర్ ఎంతుందో అది ఎప్పటికప్పుడు ఆయన భార్య సత్యలక్ష్మి ఫోనుకి చాడీలు చెబుతుంది.

ఆ అమ్మగారు డిగ్రీలోనైనా అంత చదివిందో లేదో గానీ, ఇప్పుడు పొద్దున లేస్తే ఒక పరిశోధన చదువుతుంది. ముందు కూరముక్కలు తినాలి, తర్వాత పప్పు, అన్నం ఆఖర్న. తిన్నాక పది నిమిషాలు నడవాలి. అప్పుడు షుగర్ పెరగదట. బుచ్చమ్మ యూసుఫ్‌గూడ నుంచి వచ్చి అన్నీ అలాగే వండి, క్యారియర్లో వరసగా సర్ది షూటింగుకి పంపేది. సారు కిమ్మనకుండా ఖాళీ క్యారియర్ తిప్పి పంపేవాడు. అంత బుద్ధిమంతుడు.

మరి నాలుగు రోజులుగా మధ్యాహ్నం మూడింటికల్లా షుగర్ ఆకాశానికెందుకు పోతోంది? బుచ్చమ్మే అన్నం కింద ఏదో తీపి దాచి పంపుతోందని అమ్మగారు తేల్చేసింది. రేపు కూడా ఇలాగే అయితే ఎల్లుండి నుంచి రావద్దంది.

బుచ్చమ్మకి ఒళ్లు మండింది. చప్పిడి పప్పు, నూనె చుక్క లేని కూర వండి వండి తన చేతి రుచే తను మరిచిపోయిందే, దానికి ఈ బహుమానమా? మర్నాడు క్యారియర్ తనే పట్టుకుని, అమ్మగారిని కూడా కారెక్కమంది.

"మీ కండ్లతోటే చూడుండ్రి అమ్మా. గీ పేరు మోసుకొని ఇంకో ఇంటికి నేను ఏ మొహం పెట్టుకొని పోవాలె?"

ఫిల్మ్‌నగర్‌లో సెట్టు. ఇద్దరూ మానిటర్ వెనక చాటుగా నిలబడ్డారు. సారు కూర తిన్నాడు, పప్పు తిన్నాడు, అన్నం తిన్నాడు, పది నిమిషాలు నడిచాడు కూడా. అమ్మగారు బుచ్చమ్మ వైపు ఓరగా చూసింది.

తర్వాత షాట్ మొదలైంది. నాలుగు రోజులుగా పెళ్లి భోజనాల సీనే నడుస్తోంది. కూతురు బొబ్బట్టు తినిపిస్తే తండ్రి మింగి, "చాలమ్మా" అనాలి. అంతే. నాలుగు పేజీల డైలాగు గుక్కతిప్పుకోకుండా చెప్పే ఆర్టిస్టాయన. ఒక్క టేకు చాలని ఇండస్ట్రీ అంతా చెప్పుకుంటుంది. అలాంటి మహానుభావుడు నెయ్యి కారే బొబ్బట్టు మింగి, "బాగుందమ్మా" అన్నాడు. కట్. రెండో టేకులో "ఇంకోటి పెట్టమ్మా" అన్నాడు. మూడోసారి పొలమారింది. కొరికిన బొబ్బట్టు మళ్లీ చూపిస్తే కంటిన్యుటీ పోతుంది గనక టేకు టేకుకీ కొత్తది రావాల్సిందే. సార్‌కి వయసైపోయింది పాపం అని అసిస్టెంట్ డైరెక్టర్ హరిణి వాపోయింది. ఆరో టేకుకి అమ్మగారి చేతిలో ఫోను కుయ్యోమంది.

సత్యలక్ష్మి బుచ్చమ్మ చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే బుచ్చమ్మా. నువ్వెక్కడికీ వెళ్లొద్దు."

మర్నాడు సెట్టుకి బొబ్బట్లు బుచ్చమ్మే చేసి తెచ్చింది. చూడ్డానికి బంగారం రంగు. లోపల చక్కెర పడని పెసరపప్పు, దాంట్లో మెంతిపిండి. నాలుగు రోజుల కోపానికి అదీ కాస్త ఎక్కువే పడింది.

సారు ఒక ముక్క కొరికాడు. దవడ ఆగింది. కెమెరా పక్కన నిలబడ్డ బుచ్చమ్మని చూశాడు, ఆవిడ పక్కన పెళ్లాన్నీ చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చాలమ్మా."

ఒక్క టేకులో ఓకే. గ్లిజరిన్ లేకుండా ఏమేడ్చారు సార్ అని డైరెక్టర్ కావలించుకున్నాడు. బుచ్చమ్మ పళ్లెం పట్టుకుని తాపీగా దగ్గరికెళ్లింది.

"ఇంకోటి పెట్టమంటరా సారూ?"

ఎవరూ చెప్పకుండానే సారు లేచి నడకకి బయల్దేరాడు.